వేడెక్కాక ట్రాక్టర్ సెల్ఫ్ తిరగడం లేదు, ‘టక్’ అని ఒక్క శబ్దమే వస్తోంది

నర్సంపేట_మిర్చి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది 45 హెచ్‌పీ ట్రాక్టర్, మూడు సిలిండర్లు, తొమ్మిదేళ్ల బండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే లేస్తుంది. రెండు గంటలు పని చేయించి ఆపానంటే ఇక అంతే. ‘టక్’ అని ఒక్క శబ్దం, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. ముప్పావుగంట ఆగితే ఏమీ ఎరగనట్లు మళ్లీ లేస్తుంది.

నిన్న ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర మిర్చి బస్తాలతో వరుసలో ఉన్నాను. డీజిల్ దండగెందుకని ఇంజిన్ ఆపాను. వరుస కదిలింది, నేను కదలలేదు. వెనక హారన్లు, కేకలు. చివరకు నా వెనక ఉన్న ట్రాక్టర్ అతనే విసుక్కుంటూ ముందుకు వచ్చి తాడు కట్టి లాగాడు.

బ్యాటరీ మీద అనుమానంతో నవంబరులోనే కొత్తది వేయించాను. తేడా లేదు. ఊళ్లో మెకానిక్ చూసి, సెల్ఫ్ మోటార్ పోయింది, కొత్తది తెచ్చుకో అన్నాడు. తెచ్చేయమంటారా?

ముల్కనూరు_రైతు (సోమవారం, రాత్రి 10:05)

అన్నా, ముందు స్టార్టర్ డబ్బా తెరిచి కాంటాక్టులు చూడు. మాకూ అలాగే టక్ మని పడిపోయేది. మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో టెస్టర్‌తో చూడు. కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్ ఉంటే తీసేయ్, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక దానితో పని లేదు.

నర్సంపేట_మిర్చి (సోమవారం, రాత్రి 10:11)

బోరు మోటారు కాదన్నా, ట్రాక్టర్ సెల్ఫ్ సంగతి.

ముల్కనూరు_రైతు (సోమవారం, రాత్రి 10:14)

ఈ ఫోరంలో స్టార్టర్ విభాగం అని ఉంటే బావి దగ్గరి డబ్బా అనుకున్నాను. సరే, కూర్చుని చదువుతాను.

భూపాలపల్లి_లారీ (సోమవారం, రాత్రి 10:30)

ఇంత ఆలోచన ఎందుకు తమ్ముడూ? సెల్ఫ్ మీద రెండు పెద్ద బోల్టులు ఉంటాయి. లావు స్క్రూడ్రైవర్‌తో ఆ రెంటినీ కలుపు. తిరిగితే సోలనాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పోయింది, తిరగకపోతే మోటార్ పోయింది. మేము బొగ్గు లారీల మీద ఇరవై ఏళ్లుగా చేస్తున్నదే.

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (సోమవారం, రాత్రి 11:02)

లారీ అన్నా, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ట్రాక్టర్ మీద ఆ పని చెప్పకండి. క్లచ్ దగ్గరో గేరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్, గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వదు. స్క్రూడ్రైవర్ ఆ స్విచ్‌ను పట్టించుకోదు. కొన్ని బండ్లలో, ముఖ్యంగా సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కు కలిపినప్పుడు, పినియన్ (సెల్ఫ్ కొసన ఉండే చిన్న పళ్ల చక్రం) కూడా ముందుకు వచ్చి ఇంజిన్ అందుకుంటుంది. మనిషి నేల మీద, వెనక చక్రం పక్కనే నిలబడి ఉంటాడు. గేరు పడి ఉంటే బండి అతని మీదుగానే పోతుంది. మా దుకాణానికి ఒకసారి ఇలాంటి బండి వచ్చింది. బండిని బాగు చేశాం, దాన్ని నడిపినతని కాలు మాత్రం మునుపటిలా కాలేదు.

నర్సంపేట అన్నా, సెల్ఫ్ కొనకండి. రేపు ఇంజిన్ వేడెక్కి మొరాయించినప్పుడు హెడ్‌లైటు వేసి, తాళం తిప్పుతూ ఒక మనిషిని లైటు వైపు చూడమనండి. లైటు మామూలుగానే వెలుగుతోందా, బాగా మసకబారుతోందా? అది చెప్పండి చాలు.

కాజీపేట_షెడ్డు (మంగళవారం, ఉదయం 6:15)

పరకాల అడిగిన ప్రశ్నలో సగం వైద్యం ఉంది. టక్ మన్నా లైటు తగ్గలేదంటే కరెంటు మోటారు దాకా వెళ్లడమే లేదు. సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి ఉంటాయి, లేదా మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి, తిరిగే రాగి పట్టీల కమ్యుటేటర్‌ను తాకడం లేదు. లైటు చచ్చిపోయినట్లు అయితే కరెంటు వెళుతోంది, కానీ మోటారుకు చాలడం లేదు, లేదా మోటారే బిగుసుకుంది.

అదే ‘టకటకటక’ అని వరుసగా కొట్టుకుంటే కథ వేరు. సోలనాయిడ్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. పెద్ద కాంటాక్టులు కలవగానే లాగే చుట్ట పని ఆగిపోతుంది, పట్టి ఉంచే చుట్ట ఒక్కటే మిగులుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే మోటారు కరెంటు గుంజుకున్న ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి పట్టు జారుతుంది. జారగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ దోబూచులాట చప్పుడే అది.

నేను కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజిన్‌లో విడిగా సెల్ఫ్ మోటారే ఉండదు. నడిచేటప్పుడు కరెంటు ఇచ్చే మెయిన్ జనరేటరే బ్యాటరీ కరెంటు తీసుకుని కాసేపు మోటారుగా తిరిగి ఇంజిన్‌ను లేపేది. అంత పెద్ద యంత్రం కూడా ఒక వదులు కనెక్షన్ ఉంటే మౌనంగా కూర్చునేది.

హన్మకొండ_స్కూటీ (మంగళవారం, ఉదయం 9:20)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా స్కూటర్ బటన్ నొక్కితే టక్ కూడా లేదు, పూర్తిగా నిశ్శబ్దం. కిక్ కొడితే వెంటనే లేస్తుంది. బ్యాటరీ కొన్నది ఆరు నెలల కిందటే. ఇదీ సెల్ఫ్ పోయినట్లేనా?

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (మంగళవారం, ఉదయం 9:45)

నిశ్శబ్దం ఉంటే మోటారు జోలికి అన్నిటికంటే చివర వెళ్లాలి. బ్రేకు పట్టుకుంటేనే స్కూటర్ సెల్ఫ్ పనిచేస్తుంది. బ్రేకు పట్టుకున్నప్పుడు వెనక ఎర్ర లైటు వెలుగుతోందా చూడండి, కుడి లివరు, ఎడమ లివరు విడివిడిగా.

నర్సంపేట_మిర్చి (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

చూశాను. మా తమ్ముడిని లైటు ముందు నిలబెట్టాను. వేడి మీద తాళం తిప్పితే లైటు దాదాపు ఆరిపోయింది. అంటే కొత్త బ్యాటరీ కూడా పోయినట్లా?

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (మంగళవారం, మధ్యాహ్నం 1:52)

తొందర వద్దు. మల్టీమీటర్ ఉందా? లేకపోతే ఊళ్లో టీవీలు బాగు చేసే అబ్బాయి దగ్గర ఉంటుంది, ఒక పూటకు తెచ్చుకోండి. 20 వోల్టుల డీసీలో పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ లివరు లాగి ఉంచండి. ఒకరు తాళం తిప్పి పట్టుకోవాలి, మూడు నాలుగు సెకన్లే. ఆ సమయంలోనే కొలవాలి. తాళం తిప్పకుండా కొలిస్తే ఏ వైరైనా మంచిదిగానే కనిపిస్తుంది.

మొదట బ్యాటరీ రెండు సీసపు స్తంభాల మీద. క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. తర్వాత సెల్ఫ్ లావు బోల్టుకూ సెల్ఫ్ ఒంటికీ మధ్య. మూడోది బ్యాటరీ పాజిటివ్ స్తంభానికీ ఆ లావు బోల్టుకూ మధ్య. నాలుగోది బ్యాటరీ నెగెటివ్ స్తంభానికీ సెల్ఫ్ ఒంటికీ మధ్య. నాలుగు అంకెలు రాయండి. ప్రతి కొలతకూ మధ్య రెండు నిమిషాలు ఆగండి, లేకపోతే వేడికి ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) టంకమే కరిగిపోతుంది.

హుజూరాబాద్_హార్వెస్టర్ (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

మా వరికోత యంత్రానిది ఇంకో రకం గోల. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి గర్‌ర్ మని ఇనుము నమిలిన చప్పుడు. ఒక్కోసారి సెల్ఫ్ జుయ్ మని తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం కదలదు. చేత్తో ఫ్యాను బెల్టు పట్టుకుని ఇంజిన్‌ను కాస్త తిప్పి మళ్లీ కొడితే లేస్తుంది.

కాజీపేట_షెడ్డు (మంగళవారం, సాయంత్రం 4:00)

మీరు చెప్పిన చివరి వాక్యమే జవాబు. ఇంజిన్‌ను కాస్త కదిపితే లేస్తోందంటే పినియన్ పట్టుకుని తిప్పే ఫ్లైవీల్ రింగు పళ్లు కొన్నిచోట్లే అరిగాయి. ఆపినప్పుడు ఇంజిన్ ఎక్కడ పడితే అక్కడ ఆగదు. కంప్రెషన్ ఎదురు తన్ని దాదాపు అవే చోట్ల ఆగుతుంది. మూడు సిలిండర్లయితే మూడు చోట్ల, నాలుగయితే రెండు చోట్ల. ప్రతిసారీ పినియన్ వచ్చి అక్కడే కొరుకుతుంది. సెల్ఫ్ విప్పి, ఆ రంధ్రంలోంచి లైటు వేసి, ఇంజిన్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పిస్తూ పళ్లు చూడండి.

ఎక్కడ ఆగినా జుయ్ మంటోందంటే మాత్రం పినియన్‌ను మోసే బెండిక్స్ జారుతోంది. మన మెకానిక్‌లందరూ బెండిక్స్ అనే ఆ భాగం లోపల నిజానికి ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది. విన్సెంట్ బెండిక్స్ చేసిన పాత డ్రైవు వేరే రకం. యంత్రం మారిపోయింది, పేరు అంటుకుని ఉండిపోయింది. బెండిక్స్ మారిస్తే సరిపోతుంది. రింగు అరిగితే ఇంజిన్, గేరుబాక్సు విడదీసి రింగును వేడిచేసి ఎక్కించాలి, ఖర్చయ్యే పని. అందుకే కోతల ముందే చూసుకోండి. సెల్ఫ్ బోల్టులు వదులైనా పళ్లు ఇలాగే పోతాయి, వాటిని ఇవాళే బిగించండి.

నర్సంపేట_మిర్చి (మంగళవారం, సాయంత్రం 6:25)

కొలిచాను. మీటరు మా మరదలు కొడుకు పట్టుకున్నాడు, ఐటీఐ చదువుతున్నాడు.

బ్యాటరీ స్తంభాల మధ్య 11.2
సెల్ఫ్ బోల్టుకూ ఒంటికీ మధ్య 6.9
పాజిటివ్ వైపు 0.4
నెగెటివ్ వైపు 3.9

చివరి అంకె తప్పేమోనని మూడుసార్లు కొలిచాం. అదే వచ్చింది.

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (మంగళవారం, సాయంత్రం 6:40)

తప్పు కాదన్నా, దొంగ దొరికాడు. 11.2లోంచి 6.9 తీసేయండి, 4.3. అటు 0.4, ఇటు 3.9, కలిపితే అదే 4.3. లెక్క పైసాతో సహా సరిపోయింది. మీ బ్యాటరీ నిక్షేపంగా ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే అనుమానించాలి, మీది 11.2 దగ్గర నిలబడింది. పాజిటివ్ తీగలో అర వోల్టు దాకా సర్దుకోవచ్చు. ఎర్త్ వైపు, అంటే నెగెటివ్ వైపు, 0.2, 0.3 కంటే ఎక్కువ ఉండకూడదు. మీకు దాదాపు నాలుగు వోల్టులు దారిలోనే ఆవిరవుతున్నాయి. లైటు మసకబారినది కూడా అందుకే, దాని ఎర్త్ కూడా బండి ఒంటి మీదుగానే రావాలి కదా. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ తీగ బోల్టు విప్పి కింద ఏముందో చూడండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి.

నర్సంపేట_మిర్చి (మంగళవారం, రాత్రి 8:05)

విప్పాను. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. దసరాకు ఆయుధపూజ అని బండికి రంగు వేయించాను. పెయింటర్ ఆ తీగ విప్పి, ఛాసిస్‌కు నున్నగా రెండు పూతలు వేసి, ఆరాక దాని మీదే తీగ బిగించాడు. బోల్టు మర దగ్గర మాత్రం ఇంత ఇనుము తాకుతోంది, అదీ నల్లగా కాలి ఉంది. తీగ చివర బోల్టుకు తగిలించే లగ్గు దగ్గర ఆకుపచ్చ చిలుము. నవంబరులో బ్యాటరీ మార్చినప్పుడు పైన క్లాంపులు తుడిచారు కానీ రెండో కొసను ఎవరూ చూడలేదు.

రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము మెరిసేలా చేసి, కొత్త లగ్గు వేయించి, బిగించాక పైన వాసెలిన్ రాశాను. ఇప్పుడు నెగెటివ్ వైపు 0.2. సెల్ఫ్ కొడితే ఇదివరకు ఎప్పుడూ వినని వేగంతో తిరిగింది. మా నాన్న ఇంట్లోంచి బయటికి వచ్చి ఎవరి బండి అని అడిగాడు.

భూపాలపల్లి_లారీ (మంగళవారం, రాత్రి 8:30)

స్క్రూడ్రైవర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీల మధ్య తీగ కూడా ఇలాగే ఒకసారి ఏడిపించింది. రెండు బ్యాటరీలూ మార్చాకే తెలిసింది.

కాజీపేట_షెడ్డు (మంగళవారం, రాత్రి 9:00)

సంతోషం. కానీ నాకొక సందేహం మిగిలింది. ఎర్త్ ఒక్కటే చెడితే పొద్దున చల్లని నూనెతో ఇంజిన్ బరువుగా ఉన్నప్పుడే ఎక్కువ మొరాయించాలి. మీ బండి వేడి మీద మొరాయించింది. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి వందకు 0.39 వంతున. ఇంజిన్ పక్కనే ఉండే సెల్ఫ్ అరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు నాలుగో వంతు పెరిగినట్లు. అది కొంత. అయినా వేడికి తట్టుకోలేని సెల్ఫ్‌ను ఒకసారి విప్పి చూడటం మంచిది. వారం రోజులు గమనించండి.

ములుగు_కొత్త (బుధవారం, ఉదయం 7:50)

చదువుతుంటే గుర్తొచ్చింది. 2023 జూలై వరదలో హన్మకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా బావ కారు ఇంటి ముందే మునిగింది. నీళ్లు తీశాక సెల్ఫ్ కొట్టాడు. ‘దబ్’ మని ఒక్క చప్పుడు, ఆగిపోయింది. అప్పుడూ సెల్ఫ్ పోయిందనే అనుకున్నాం. అసలు కారణం ఏమై ఉంటుంది?

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (బుధవారం, ఉదయం 8:30)

సిలిండర్‌లో నీళ్లు. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. పిస్టన్ పైకి వెళ్లడానికి చోటు లేక ఆగింది, అదృష్టం బాగుంటే అంతటితో పోతుంది, లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన బండికి తాళం పెట్టనే కూడదు. ముందు నెగెటివ్ తీగ విప్పాలి. పెట్రోల్ బండికి ప్లగ్గులు, డీజిల్‌కు ఇంజెక్టర్లు తీసి, చేత్తో ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పోనిచ్చాకే మిగతా మాట. ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన సెల్ఫ్‌ల లోపల ఒండ్రు ఇటుకలా గట్టిపడి ఉంది.

నర్సంపేట_మిర్చి (శనివారం, రాత్రి 7:15)

కాజీపేట పెద్దాయన నోట ఏ ఘడియలో వచ్చిందో కానీ, మూడు రోజులు బాగా నడిచి ఇవాళ మళ్లీ అదే. ఈసారి టక్ కాదు. పొలంలో దమ్ము చేసి ఆపాక కొడితే ‘గుర్... గుర్...’ అని ముసలి ఎద్దులా ఈడ్చింది. ఎలాగో లేచింది. మళ్లీ కొలిచాం. బ్యాటరీ 9.1, పాజిటివ్ 0.4, నెగెటివ్ 0.3.

కాజీపేట_షెడ్డు (శనివారం, రాత్రి 7:40)

ఇప్పుడు తీగలు నిర్దోషులు. మంగళవారం 11.2 దగ్గర ఉన్న బ్యాటరీని ఇవాళ 9.1 దాకా లాగేసిందంటే మోటారు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ కరెంటు తాగుతోంది. అప్పుడు చెడిపోయిన ఎర్త్ అడ్డుపడి తాగనివ్వలేదు. తిరిగే మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటును అదుపు చేసుకుంటుంది. నెమ్మదిగా తిరిగితే ఆ అదుపు ఉండదు. ముల్కనూరు గారి బోరు మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో లైట్లు మసకబారేదీ అందుకే.

సెల్ఫ్ విప్పించండి. ఇరుసు తిరిగే బుష్‌లు చూడమనండి.

ముల్కనూరు_రైతు (శనివారం, రాత్రి 7:48)

ఇన్ని రోజులు చదివినందుకు నాకూ ఒక ముక్క దొరికింది.

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (శనివారం, రాత్రి 8:10)

నర్సంపేట అన్నా, రేపు ఆదివారమైనా దుకాణం తెరిచే ఉంటుంది, తీసుకురండి. మీ ఎదురుగానే విప్పుతాను.

నర్సంపేట_మిర్చి (ఆదివారం, సాయంత్రం 5:30)

తీసుకెళ్లాను. ఆర్మేచర్ బయటికి తీయగానే పరకాల అన్న మాట్లాడకుండా నా చేతిలో పెట్టాడు. దాని ఒంటి మీద ఒకవైపు గీతలు గీతలుగా, కొత్త గొడ్డలి అంచులా మెరుస్తోంది. వెనక బుష్ గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఇరుసును అందులో పెట్టి ఊపితే లొడలొడమంది. వేడెక్కి బరువు పడినప్పుడు ఆర్మేచర్ పక్కకు వాలి లోపలి ఇనుప పోల్స్‌ను రాసుకుంటోందట. దమ్ములో బురద నీళ్లు లోపలికి వెళ్లి బుష్‌ను తినేశాయని అన్నాడు. అడుగున ఎండిన బురద చారెడు వచ్చింది.

బ్రష్‌లు నాలుగూ సగానికి పైగా అరిగాయి. సోలనాయిడ్ లోపలి రాగి బోల్టు ఒకవైపు కాలి గుంట పడింది. దాన్ని మార్చకుండా సగం చుట్టు తిప్పి కాలని వైపు ముందుకు వచ్చేలా బిగించాడు. కొత్త బుష్‌లు రాత్రే నూనెలో నానబెట్టి ఉంచాడు, నేను వస్తానని అంత నమ్మకం. కమ్యుటేటర్‌ను సన్నని ఇసుక కాగితంతో తుడిచాడు. నేను ఎమెరీ కాగితం అందిస్తే పక్కన పెట్టేశాడు, దాని పొడి పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవుతుందట. మొత్తం పదకొండు వందలు తీసుకున్నాడు, టీ కూడా ఆయనే తాగించాడు.

ఇంటికి వచ్చే దారిలో కావాలనే నాలుగుసార్లు ఆపి కొట్టాను. వేడి మీద బ్యాటరీ దగ్గర 10.6.

పరకాల_ఆటోఎలక్ట్రికల్ (ఆదివారం, సాయంత్రం 6:00)

ఇంకా వారం కాలేదు, అప్పుడే పొగడకండి. దమ్ము సీజను అయ్యాక ఒకసారి సెల్ఫ్ దించి బురద తుడిపించుకోండి. గేరుబాక్సు గూడు అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయిందేమో చూడండి. మీ బండికి అది పూర్తిగా పూడిపోయి ఉంటుందని నా అనుమానం.

నర్సంపేట_మిర్చి (ఆదివారం, సాయంత్రం 6:45)

ఇప్పుడే పుల్ల పెట్టి పొడిచాను. గ్లాసెడు నల్లటి నీళ్లు కారాయి.

హన్మకొండ_స్కూటీ (ఆదివారం, రాత్రి 9:10)

నా సంగతి కూడా చెప్పి వెళతాను. ఎడమ బ్రేకుకు ఎర్ర లైటు వెలిగింది, కుడి బ్రేకుకు వెలగలేదు. నేనేమో ఎప్పుడూ కుడి బ్రేకే పట్టుకుని బటన్ నొక్కుతాను. లివరు కింద స్విచ్ విప్పి చూస్తే లోపల చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి. ఊది తుడిచాను. బటన్ నొక్కగానే లేచింది.